మన నెత్తురే మన మోకాటికి మందగునా?

మా యత్తగారికి అరువదినాలుగేండ్లు. రెండేండ్ల క్రిందటి వరకును ఆమె తెల్లవారుజామున లేచి, వాకిట కల్లాపి చల్లి, గొంతుకూర్చుండి యిరువదియొక్క చుక్కల ముగ్గు పెట్టువారు. ఇప్పుడు ముగ్గుచిప్ప మా చేతికి వచ్చినది. ఆమె అరుగుమీద కుర్చీ వేయించుకొని, “ఆ మూల గీత వంకరపోయిందే అమ్మాయీ” యని దిద్దించుచుందురు. గొంతుకూర్చుండిన మోకాళ్లు లేవనీయవు. లేచిన పది యడుగులు వేయనీయవు. పూజవేళ పీటమీద కూర్చుండలేక నిలుచుండియే దీపము పెట్టుట యామెకు మోకాటి నొప్పికంటె పెద్ద నొప్పి. ఏటేట మంగళగిరి కొండమెట్లెక్కి పానకాలస్వామికి పానకము సమర్పించి వచ్చెడి యలవాటును నిలిచిపోయినది.

గడచిన మాఘమాసమున మా వీథిలోని యొక వదినగారు పసుపుకుంకుమలకు వచ్చి, మా యత్తగారి ప్రక్కను కూర్చుండి, “పిన్నిగారూ, కోత లేదు, కుట్టు లేదు. చేతిలోంచి మన నెత్తురే తీసి, యంత్రంలో వేసి తిప్పి, మోకాట్లో సూది వేస్తారు. నేను మూడు సూదులు వేయించుకున్నాను. ఇప్పుడు మేడమెట్లు ఎక్కుతున్నాను చూడండి” అనిరి. అనుటయే కాదు, మా కన్నులయెదుట మేడమెట్లెక్కి దిగిరి కూడ. నాటినుండి మా యత్తగారికి ఆ సూదిమీదనే ధ్యాస.

పట్టణమునకు పోయి యొక వైద్యుని చూచితిమి. ఆయన యెక్స్‌రే తీయించి, ఎముకల నడుమ గుజ్జు అరిగినదనియు, ఈ సూదులతో ఆ గుజ్జు మరల పెరుగుననియు, మోకాటి కొకటికి మూడు సూదులు కావలెననియు చెప్పిరి. సూది యొక్కటికి 14,000 రూపాయలు. రెండు మోకాళ్లకు కలిసి 84,000 రూపాయలు. మావారొక చిన్న పాఠశాలలో ఉపాధ్యాయులు. ఆ సొమ్ము వారి మూడునెలల జీతమునకు మించును. మేము మారుపలుకకుండుట చూచి మా యత్తగారు తమ చేతి గాజుల నొకసారి త్రిప్పుకొనిరి. ఆమెకు పుట్టినింటివారు పెట్టిన బంగారమది. తిరుగు బస్సులో మాత్రము, “నా నెత్తురు నాకే అమ్ముతారటే! ఇదేం చోద్యమే!” యని నవ్విరి. నవ్విరేగాని, గాజులమీదనుండి చేయి తీయలేదు.

సోదరీమణులారా, కోడండ్రయిన మీరు మా యిరకాట మెరుగుదురు. “కొంచె మాగుద”మనినచో, అత్త నొప్పికి ఖర్చుపెట్ట మనసొప్పని కోడలను పేరు వచ్చును. ఊరకుండినచో ఆ గాజులు కుదువకొట్టు చేరును. మేము వైద్యము చదివినవారము కాము. ఇంట తండ్రిగారియొద్ద పంచకావ్యములును, కొంత వ్యాకరణమును, కొంత తర్కమును చదువుకొన్నవారము. అయినను తెలిసికొనకుండ తలయూపుట తగదని తోచి, మావారు బడినుండి వచ్చినపిమ్మట రాత్రులయందు ఇంగ్లీషు వైద్యపత్రికలలోని వ్యాసములు తీసి యర్థము చెప్పుచుండ వ్రాసికొంటిమి. మా బంధువర్గములోని యొక వైద్యురాలిని అడిగి సందేహములు తీర్చుకొంటిమి. మా వంటి చిక్కులో నున్నవారికి పనికివచ్చునని యా సంగతులిచట విన్నవించుచున్నాము.

ఈ సూదికి పి. ఆర్. పి. యని పొట్టిపేరు. ప్లేట్‌లెట్లు దట్టముగ నున్న ప్లాస్మా యని దాని యర్థము. ప్లేట్‌లెట్లను మాట మనకు క్రొత్తది కాదు. డెంగీ జ్వరము వచ్చిన యింట, “ఈ పూట ఎన్ని వేలున్నవి?” యని అడుగనివారు లేరు. అవి నెత్తుటిలో తేలెడి మిక్కిలి చిన్న బిళ్లలు. మిల్లీమీటరును వేయి భాగములు చేసిన అందు రెండు మూడు భాగములంత యుండును. ఆరోగ్యవంతుల నెత్తుటిలో ఘనమిల్లీమీటరునకు 1,50,000 మొదలు 4,50,000 వరకు నుండును. ఒక్కొక్క బిళ్ల ఆయువు ఎనిమిది పది దినములకు మించదు. కత్తిపీటమీద వ్రేలు తెగినపుడు మొదట పరుగెత్తివచ్చి గండి పూడ్చునవి యివియే. ఇవి నెత్తురు గడ్డకట్టుటకు తోడ్పడునని 1882లో ఇటలీదేశమందలి టూరిను నగరమున బిజ్జొజేరో యను శాస్త్రజ్ఞుడు కనిపెట్టి చెప్పెను. గండి పూడ్చుటయే కాక, గాయమును మాన్పుటకు పురిగొల్పెడి పదార్థములు కొన్ని ఈ బిళ్లల లోపల చిన్న సంచులయందు దాగియుండునని తరువాతివారు తెలిసికొనిరి.

సూది తయారగు తీరు మజ్జిగ చిలికి వెన్న తీయుట వంటిదే. రోగి చేతినుండి సామాన్యముగ 15 మొదలు 60 మిల్లీలీటర్ల వరకు నెత్తురు తీసి, గడ్డకట్టకుండ మందు కలిపి, గిరగిర త్రిప్పెడి యంత్రములో పెట్టుదురు. బరువైన యెఱ్ఱకణములు అడుగునకు దిగును. గడ్డివన్నె ప్లాస్మా పైకి తేలును. అందు ప్లేట్‌లెట్లు దట్టముగ నున్న భాగమును తీసికొని, కొన్ని మిల్లీలీటర్లు మాత్రము కీలులోనికి ఎక్కింతురు. ఇంతయు గంటలోపల ముగియును. రెండుమూడు దినములు కీలు పొంగి నొప్పి పెట్టవచ్చును. తన నెత్తురే కావున పడకపోవుట యరుదు. అయినను కీలులోనికి సూది దిగుచున్నప్పుడు శుభ్రత లోపించిన చీము పట్టు నపాయము లేకపోలేదు. నెత్తురు పలుచబరచెడి మాత్రలు మ్రింగువారును, ప్లేట్‌లెట్లు తక్కువగా నున్నవారును, క్యాన్సరు వ్యాధిగ్రస్తులును ముందుగా ఆ సంగతి వైద్యునకు చెప్పి తీరవలెను.

1998లో రాబర్టు మార్క్సు అను అమెరికా వైద్యుడును, అతని తోడివారును, దవడయెముకకు అతుకు వేయునపుడు దీనిని వాడి ఫలితములు ప్రకటించిరి. పిమ్మట ఆటగాండ్ర వైద్యులు దీనిని చేపట్టిరి. 2009లో హైన్సు వార్డు అను అమెరికా ఫుట్‌బాలు ఆటగాడు మోకాలు బెణికినపుడు ఈ సూది వేయించుకొని పెద్ద పోటీలో ఆడుటతో దీని పేరు పత్రికల కెక్కినది. గాయపడిన యువకుని స్నాయువునుండి అరిగిన ముదుసలి మోకాటికి ఈ వైద్యము దిగివచ్చుట కెక్కువ కాలము పట్టలేదు. ఆ రెండును ఒకటే యని యెవరు నిర్ణయించిరో గాని, ప్రకటన కాగితములు చూచిన మాకు రక్తబీజుని కథ జ్ఞప్తికి వచ్చినది. వాని నెత్తుటిబొట్టు నేలపై పడినచోటనెల్ల క్రొత్త రాక్షసుడు లేచెనట! ఇచట బొట్టు పడినచోటనెల్ల క్రొత్త గుజ్జు లేచునని చెప్పుచున్నారు.

గుజ్జు సంగతియే కీలకము. మనము గుజ్జనునది యెముకల కొనలను కప్పియుండెడి నున్నని మెత్తని యెముకపొర. దానికి నెత్తుటినాళములు లేవు. చర్మము తెగిన మానునుగాని యీ పొర అరిగిన మానకుండుట కదియొక కారణము. నెత్తురు రాని చోటికి నెత్తుటిలోని మాన్పెడి పదార్థములను మనమే కొనిపోయి యిచ్చినచో మానదా యను తలంపు వినుటకెంతయు సమంజసముగ నున్నది. సమంజసమైన తలంపులన్నియు నిజమగునా యనునదే ప్రశ్న.

ఆ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో ఆస్ట్రేలియావారి పని మాకు మిక్కిలి నచ్చినది. మెల్బోర్ను విశ్వవిద్యాలయమున ఫిజియోథెరపీ ఆచార్యురాలగు కిమ్ బెనెల్ అను విదుషియు, ఆమె తోడివారును చేసిన పరీక్ష యది. 2021 నవంబరులో అమెరికా వైద్యసంఘమువారి పత్రికయందు ప్రకటింపబడినది. ఏబదియేండ్లు దాటి, మోకాటి యరుగుదల తొలిదశలోనో నడిమిదశలోనో యున్న 288 మందిని, సిడ్నీ, మెల్బోర్ను నగరములనుండి చేర్చుకొనిరి. చీట్లు వేసినట్లు వారిని రెండు జట్లుగ విడదీసిరి. ఎల్లరి నెత్తురును తీసిరి. ఒక జట్టువారి మోకాటిలోనికి పి. ఆర్. పి., రెండవ జట్టువారి మోకాటిలోనికి వట్టి ఉప్పునీరు, వారమున కొకటి చొప్పున మూడు సూదులు వేసిరి. ఎవరికేది వేసిరో వేయించుకొన్నవారికి తెలియదు. వేసిన వైద్యునకును తెలియదు.

ఏడాది గడచినపిమ్మట అడిగిరి. నొప్పిని సున్న మొదలు పది వరకు లెక్కించుమనగా, నెత్తుటి సూది పొందినవారికి సగటున 2.1 తగ్గినది. ఉప్పునీటి సూది పొందినవారికి 1.8 తగ్గినది. ఆ కొంచెపు తేడా లెక్కలోనికి రాదని శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఇక గుజ్జు? యంత్రముతో లోపలి బొమ్మలు తీసి కొలువగా, నెత్తుటి సూది జట్టులో నూటికి 1.4 వంతులు తరిగినది. ఉప్పునీటి జట్టులో 1.2 వంతులు తరిగినది. పెరిగిన జట్టు లేదు. ఆ యేటనే డచ్చిదేశమువారు నూరుగురు రోగుల చీలమండ కీలున నిట్టి పరీక్షయే చేయగా, అచటను ఉప్పునీటికంటె ఎక్కువ మేలు కనబడలేదు.

ఇది విన్న రాత్రి మా మనస్సున మొదట లేచిన మాట, “అయినచో ఆ వదినగారు అబద్ధమాడిరా?” యనునది. మావారు నవ్వి లెక్క మరల చూపిరి. ఉప్పునీరు పొందినవారికిని నొప్పి తగ్గినది గదా! వదినగారికి నొప్పి తగ్గుట నిజము. తగ్గించినది నెత్తురేయనుట మాత్రము నిజమని తేలలేదు. తర్కశాస్త్రమున కాకతాళీయమనునది యిదియే. కాకి వాలినది, తాటిపండు రాలినది. మోకాటి నొప్పి పోటువలె వచ్చి తగ్గుచుండును. నొప్పి మిక్కుటముగ నున్నపుడే మనము వైద్యునొద్దకు పోదుము. దాని తరువాతి దినములు సహజముగనే తేలికగ నుండును. నమ్మకమునకును నొప్పిని తగ్గించు బలము కలదు. సూది వేయించుకొన్నామని నాలుగు దినములు ఇంటివారు బిందెలు మోయనీయరు. అదియు నొక మందే. ఈ చివరి మాట ఆచార్యులది కాదు, మాది.

అవతలి పక్షమును చెప్పక విడుచుట న్యాయము కాదు. స్టిరాయిడు సూదులకంటెను, కీలులోనికెక్కించెడి జిగురుమందు సూదులకంటెను పి. ఆర్. పి. వలన ఆరునెలల పిదప నొప్పి యెక్కువ తగ్గినదని తేల్చిన పరీక్షలును కలవు. అమెరికాలోని యెముకల శస్త్రవైద్యుల సంఘమువారు 2021లో, ఇది నొప్పి తగ్గింపవచ్చును గాని ఆధారము పరిమితమని వ్రాసిరి. కీళ్లవాత వైద్యుల సంఘమువారు మాత్రము 2019 నాటి సూచనలలో మోకాటి యరుగుదలకు దీనిని వాడవలదని గట్టిగ చెప్పిరి. ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరున త్రిప్పి, ఒక్కొక్క దట్టముతో తయారుచేయుచున్నారు గనుక, ఏది వేయుచున్నారో కొలత లేదని వారి యాక్షేపణ. ఒకే పేరు పెట్టి పదియిండ్ల పులుసులు తెచ్చి రుచి చెప్పుమనినట్లున్నది.

స్టిరాయిడు సూది మాట వచ్చినది గనుక ఒక్కటి. అది చవుక, నొప్పియు త్వరగ తగ్గును. కాని మూడునెలల కొకటి చొప్పున రెండేండ్లు వేసిచూడగా ఉప్పునీరు పొందినవారికంటె గుజ్జు ఎక్కువ అరిగినదనియు, నొప్పి విషయమున లాభము లేదనియు 140 మందిపై జరిగిన పరీక్ష 2017లో వెల్లడించినది. పదే పదే వేయించుకొనువారు దీనిని మరువరాదు.

ఇదంతయు మా యత్తగారికి చెప్పుట యెట్లు? మొదట మావారిచేతనే చెప్పింపవలెనని చూచితిమి. వారు లెక్కలన్నియు చెప్పి ముగింపగా ఆమె, “నువ్వు బడిపంతులువి, లెక్కలే చెప్తావు. నొప్పి నాది” అనిరి. ఆ మాటకు మావారి నోట బదులు రాలేదు. మరునాడు మేము పప్పు ఏరుచు ఆమె ప్రక్కను కూర్చుండి, “అత్తయ్యగారూ, వేయించుకోవద్దని మేమనము. గాజులు మీవి, మోకాళ్లు మీవి. వైద్యుడుగారిని నాలుగు మాటలు అడిగి, ఆమీద మీ యిష్టము” అంటిమి.

ఆమెయే ఫోనులో అడిగిరి. నా మోకా టరుగుదల నాలుగు దశలలో నెన్నవది? రెండవది దాటి మూడవది. గుజ్జు నిజముగ పెరుగునా? ఈ సారి జవాబు, “కొందరికి నొప్పి తగ్గును” అని వచ్చినది. పెరుగునన్న మొదటి మాట ఆయన నోట మరల రాలేదు. తగ్గకున్న సొమ్ము తిరిగి యిత్తురా? ఆ ప్రశ్న మేము నేర్పినది కాదు, ఆమె సొంతము. అవతలనుండి నవ్వు మాత్రము వినబడినది. సూదికి ముందు వ్యాయామము చేసి చూడవచ్చునా? చూడవచ్చునట! మొదట నెందులకు చెప్పలేదని మా యత్తగారడుగలేదు, మేమును అడుగలేదు.

మోకాటి యరుగుదలకు తొలి చికిత్స వ్యాయామమేయని, సూదిని మెచ్చువారును మెచ్చనివారును ఒప్పుకొనుచున్నారు. తొడ ముందరి కండ బలపడినకొలది మోకాటిమీది భారము తగ్గును. బంధువైద్యురాలు చూపినది మిక్కిలి సులభము. కుర్చీలో నిటారుగ కూర్చుండి, ఒక కాలు మెల్లగ చాచి, అయిదు లెక్కించువరకు నిలిపి, మెల్లగ దింపవలెను. పదిమారులు ఒక కాలు, పదిమారులు రెండవకాలు, పూటపూటకు. కొన్నివారములకు, చేతులూనకుండ కుర్చీనుండి లేచి కూర్చుండుట. కొంచెము నొప్పి తోచిన భయము లేదు. మరునాటికిని తగ్గనంత నొప్పి వచ్చినచో తగ్గించుకొనవలెను. చేతికఱ్ఱ నొప్పి యెక్కువగా నున్న కాలిప్రక్క కాక, రెండవప్రక్క చేత పట్టుకొనవలెనట! మేమిన్నాళ్లు తలక్రిందుగ ననుకొంటిమి. కఱ్ఱ పట్టుటకు మా యత్తగారు నెలదినములు సిగ్గుపడిరి. గుడికి పోవునపుడు పట్టుదురు; పుట్టినింటికి పోవునపుడు పట్టరు.

బరువు మాట చెప్పుట కష్టము. స్త్రీలకు మరియు కష్టము. అయినను 2005లో ప్రకటింపబడిన యొక కొలత చెప్పకతప్పదు: ఒంటి బరువు ఒక కిలో తగ్గిన, అడుగడుగునను మోకాటిపై నాలుగు కిలోల భారము తగ్గునట. మా యింట రాత్రిపూట మిగిలిన అన్నము పారవేయలేక తామే తినునలవాటు అత్తగారికి కలదు. ఇప్పుడు కొలిచి వండుచున్నాము. స్నానపుగదిలో కమోడు పెట్టించుటకును, పూజకు ఎత్తుపీట చేయించుటకును కలిసి ఒక సూది వెలకంటె తక్కువయే యైనది. కీలుపై పూసెడి నొప్పిమందులను వైద్యుని యడిగి వాడవచ్చును; దుకాణమున కొని తెచ్చి నొప్పిమాత్రలు నిత్యము మ్రింగుట మాత్రము కడుపునకును, మూత్రపిండములకును చేటు. కీలు హఠాత్తుగ నెఱ్ఱబారి, వేడెక్కి, జ్వరము వచ్చినను, తెల్లవారినపిమ్మట గంటకు మించి వ్రేళ్లకీళ్లు బిగిసియుండినను అది వేరు జబ్బు. వ్యాయామముతో కాలము గడపక వెంటనే చూపించుకొనవలెను.

గుజ్జు పూర్తిగ పోయి ఎముక యెముక నొరసికొనుచున్నవారికి ఈ వ్యాయామములును చాలవు. నెత్తుటి సూదులును చాలవు. కోత లేదను మాటకు మురిసి అట్టివారు సొమ్ము సూదులమీద వెచ్చింపరాదు. మోకాటి మార్పిడి శస్త్రచికిత్సయే వారికి దారి. ఆ చికిత్సలో నమర్చెడి కృత్రిమ కీలు వెలకు 2017 ఆగష్టులో మన ప్రభుత్వము హద్దు విధించినది. కోతకు పోవువారు ఆ వెల విడిగ చీటీలో వ్రాయించుకొనవలెను.

మా యింట ఈ క్రమము మొదలై నాలుగునెలలైనది. మా యత్తగారి నొప్పి పోలేదు; తగ్గినది. ఎంత తగ్గినదని మావారు పదికి లెక్క చెప్పమనగా, “నిన్నటి కంటే మేలు, మొన్నటి కంటే కీడు” అని జవాబు. ఎత్తుపీటమీద కూర్చుండి దీపము పెట్టుచున్నారు. వదినగారు వచ్చి యడిగినపుడు, “సూది సంగతి సంక్రాంతి దాటాక చూద్దాంలే” అనిరి. గాజులు చేతులకే యున్నవి. మొన్న శుక్రవారమున మేము లేచి వాకిటికి వచ్చుసరికి ఆమె నడుము వంచి, ఒక చేత కఱ్ఱ యూని, నడిమి పద్మము తామే వేసియుండిరి. చుట్టు గీతలు మాకు విడిచి, కుర్చీలో కూర్చుండి, “అది వంకర పోనీకు” మనిరి.